ఉలిగమ్మ కంటి ఫోటో

నరహరికి ప్రశ్నలంటే విసుగు పుట్టింది.

ఆదోనిలో ఆ కంటి ఆసుపత్రి కంప్యూటర్ల గదిలో చేరిన కొత్తలో అలా ఉండేవాడు కాదు. ఎవరు పిలిచినా పరుగెత్తేవాడు. పాస్‌వర్డ్ మరిచిపోయారని ఒకరు, ప్రింటరు కాగితం మింగేసిందని ఒకరు, నిన్న కనిపించిన ఫైలు ఇవాళ కనిపించడం లేదని మరొకరు. రానురాను అవే ప్రశ్నలు, అవే మొహాలు. పొద్దున చెప్పింది సాయంత్రానికి మళ్ళీ అడుగుతారు. ఒక ప్రోగ్రాము రాయడానికి కూర్చుంటే, సగంలో ఎవరో వచ్చి వెనక నిలబడి దగ్గుతారు. వాళ్ళ పని అయ్యేసరికి తన పని ఎక్కడ ఆగిందో తనకే గుర్తుండదు.

ఆ గదికి పెద్ద రహంతుల్లా గారు. ఆయన్ని అందరూ ఉస్తాద్ అంటారు. మొదట ఎవరో వేళాకోళానికి అన్నారట, ఆ మాటే నిలిచిపోయింది. నరహరి ఒకప్పుడు నాన్నకి శుక్లాల ఆపరేషను చేయించడానికి ఆ ఆసుపత్రికి వచ్చాడు. ఆ పొద్దున సర్వర్ ఆగిపోయి, చీటీలు రాక జనం వరండా నిండా నిలబడి ఉన్నారు. లోపల ఒక పెద్దాయన, చేతులు ఒళ్ళో పెట్టుకుని, స్క్రీన్ మీద వచ్చిన సందేశాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతున్నాడు. చుట్టూ ఇంత గొడవ జరుగుతున్నా తొందరపడలేదు. చదవడం అయ్యాక ఒకే ఒక్క మాట మార్చి లేచాడు. చీటీలు రావడం మొదలైంది. అది చూసిన నరహరి బెంగుళూరులో దొరికిన ఉద్యోగం వద్దనుకుని ఆయన దగ్గర పనికి కుదిరాడు.

ఉస్తాద్ పాఠాలు చెప్పే మనిషి కాదు. నరహరి ఏదైనా చిక్కులో పడి వస్తే, "ముందు చదువప్పా" అని పక్కన కూర్చునేవాడు. నరహరి చదివేదాకా కూర్చునే ఉండేవాడు. అలా కూర్చోగా కూర్చోగా నరహరికి పని వచ్చింది. బాగా వచ్చింది. ఆసుపత్రిలో సగం ప్రోగ్రాములు ఇప్పుడు అతను రాసినవే.

ఒకరోజు అతను తన బాధ ఉస్తాద్‌తో చెప్పుకున్నాడు. వీళ్ళు అడిగిందే అడుగుతున్నారని, తన పని సాగడం లేదని.

"ఏమడుగుతున్నారు?" అన్నాడు ఉస్తాద్.

"అవే ఉస్తాద్. ఎప్పుడూ అడిగేవే."

"అవే అంటే?"

నరహరి చెప్పబోయి ఆగాడు. నిన్న రికార్డుల గది నుంచి ఎస్తేరు రాణి వచ్చి ఏదో అడిగింది. ఏమిటో గుర్తుకు రాలేదు. ఆమె మాట పూర్తికాకముందే అతను జవాబు చెప్పి పంపించేశాడు.

నరహరి ఒక ఉపాయం ఆలోచించాడు. అడిగేవన్నీ, వాటి జవాబులన్నీ ఒకచోట రాసి, ఆసుపత్రిలో ఏ కంప్యూటరు తెరిచినా కనిపించేలా ఒక పేజీ పెట్టాడు. కష్టపడి రాశాడు. ఎక్కడా తప్పు లేదు. ఆ తర్వాత ఎవరు వచ్చినా ఒకటే మాట అనేవాడు. "పేజీ చదివారా?"

చదవలేదంటే, చదివి రమ్మనేవాడు. చదివామంటే, మళ్ళీ చదవమనేవాడు. ఉస్తాద్ తనకి నేర్పింది అదే కదా అనుకున్నాడు.

మెల్లగా రాకపోకలు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. తలుపు దగ్గర దగ్గేవాళ్ళు లేరు. నరహరి చాలాకాలంగా అనుకుంటున్న పనులన్నీ పూర్తి చేశాడు. ఒక సాయంత్రం టీ తాగుతూ, ఇప్పుడు ఎవరూ ఏమీ అడగడం లేదని, అందరూ నేర్చేసుకున్నారని గర్వంగా ఉస్తాద్‌తో అన్నాడు. ఉస్తాద్ ఖాళీగా ఉన్న గుమ్మం వైపు కాసేపు చూసి, టీ తాగి, గ్లాసు కడగడానికి లేచి వెళ్ళాడు.

ఆ నెలలోనే ఆ సంగతి జరిగింది.

ఎస్తేరు రాణి రికార్డుల గదిలో పనిచేసేది. రెటీనా ఫోటోలు తీసే గది నుంచి వచ్చిన బొమ్మలన్నీ రోగుల పేర్లతో సర్దిపెట్టడం ఆమె పని. కంటి వెనక నెత్తురు ఎంత మేర పాకిందో తెలియాలంటే, ఇవాళ్టి ఫోటో పక్కన పాత ఫోటో పెట్టి చూడాలి. ఆ బొమ్మలకి చాలా చోటు కావాలి. డిస్కు నిండిపోతోందని ఆమె కంప్యూటరు కొన్నాళ్ళుగా హెచ్చరిస్తోంది. పాత ఫోల్డర్లు కొన్ని తీసేస్తే చోటు వస్తుంది. కానీ తీసేస్తే ఎక్కడైనా ఇంకో కాపీ ఉంటుందా? ఆ సందేహం అడగడానికే, పేజీ పెట్టకముందు ఆ రోజు ఆమె నరహరి దగ్గరికి వచ్చింది. అతను చెప్పిన ముక్క ఆమెకి అర్థం కాలేదు. రెండోసారి వచ్చేసరికి పేజీ వచ్చింది. "చదివారా?" అన్నాడు.

ఆమె వెళ్ళి చదివింది. 'ప్రతి ఫైలుకూ రెండు కాపీలు ఉంటాయి. ఒకటి మీ దగ్గర, ఒకటి బ్యాకప్ సర్వర్‌లో' అని అక్కడ స్పష్టంగా ఉంది. నిజమే, రెండు కాపీలు ఉంటాయి. రోజూ సాయంత్రం నరహరి రాసిన ప్రోగ్రాము ఇక్కడున్నదాన్ని అక్కడికి అచ్చుగుద్దినట్టు చేరుస్తుంది. ఇక్కడ కొత్తది వస్తే అక్కడా వస్తుంది. ఇక్కడ ఏదైనా పోతే అక్కడా పోతుంది. ఆ చివరి మాట పేజీలో లేదు. అది ఎవరికైనా తెలిసిందే అనుకున్నాడు నరహరి.

ఎస్తేరు రాణి మధ్యాహ్నం పాత ఫోల్డర్లు తీసేసింది. సాయంత్రం ప్రోగ్రాము తన పని తాను చేసింది.

మర్నాడు రెటీనా డాక్టరు వచ్చే రోజు. ఆయన మద్రాసు నుంచి నెలకోసారే వస్తాడు. మొదటి రోగి పేరు చెప్పి పాత ఫోటో తెరవమంటే, తెరవడానికి ఫోటో లేదు. రెండో రోగిదీ లేదు. మాట కంప్యూటర్ల గదికి చేరగానే నరహరి బ్యాకప్ సర్వర్ తెరిచి చూశాడు. అక్కడా లేవు. ఉస్తాద్ కూర్చుని, డిస్కు మీద ఇంకా చెరిగిపోని వాటిని ఒక్కొక్కటే పైకి తీయడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నందాకా ఆయన కుర్చీలోంచి లేవలేదు. చాలావరకు దొరికాయి. కొన్ని దొరకలేదు. దొరకనివాటిలో ఒకటి ఉలిగమ్మది.

ఉలిగమ్మ హొళగుంద అవతల ఒక పల్లె నుంచి వచ్చిన మనిషి. కుడికన్ను ఎప్పుడో పోయింది. ఎడమకంటికి ఆపరేషను చేయాలా, ఇంకొన్నాళ్ళు మందులతో చూడాలా అన్నది పాత ఫోటోని బట్టే తేల్చాలి. అది లేకుండా, ఉన్న ఆ ఒక్క కంటి మీద చేయి వేయనన్నాడు డాక్టరు. ఇవాళ కొత్త ఫోటో తీసి పెడదాం, వచ్చే నెల రమ్మనండి, అప్పటికి తేడా తెలుస్తుంది అన్నాడు. అప్పటిదాకా కన్ను నిలుస్తుందా అని నర్సు అడిగితే, నిలవాలి అన్నాడు.

"నువ్వు పోయి చెప్పిరా అప్పా" అన్నాడు ఉస్తాద్ నరహరితో.

ఆమె వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. కంటికి పచ్చరంగు గుడ్డ అడ్డం కట్టుకుంది. పక్కన కూతురు. నరహరి ఎదురుగా నిలబడి, ఫోటో పోయిందని, వచ్చే నెల రావాలని చెప్పాడు.

"యాడికి పోయింది నాయనా?" అంది ఉలిగమ్మ.

కంప్యూటర్‌లో చోటు చాలలేదని, పొరపాటున తీసేశారని చెప్పాడు. ఆమె అంతా విని తలూపింది.

"అదే నాయనా, యాడికి పోయింది? నా కంటిదే కదా?"

దెప్పుతున్నట్టు లేదు ఆ గొంతు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది. నరహరి మళ్ళీ మొదలుపెట్టాడు. బ్యాకప్ అన్నాడు, కాపీ అన్నాడు. అతను వాడే మాటల్లో ఒక్కటీ ఆమె దాకా పోవడం లేదని అతనికే తెలుస్తోంది. చివరికి కూతురు లేచి, "పోనీలేమ్మా, మళ్ళీ వద్దాం" అని తల్లి చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది.

నరహరి లోపలికి వచ్చాడు. సిగ్గు కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎస్తేరు రాణిని పిలిచి, తీసేసే ముందు ఒక్కమాట ఎందుకు అడగలేదని నిలదీశాడు.

ఆమె నేలచూపులు చూస్తూ, "పేజీలో రెండు కాపీలుంటాయని ఉంది సార్" అంది. ముందు తాను వచ్చి అడిగానని మాత్రం అనలేదు.

నరహరి ఉస్తాద్ దగ్గరికి వెళ్ళి, ఇక మీదట తాను తప్ప ఎవరూ ఏ ఫైలూ తీసేయలేకుండా కట్టడి చేస్తానన్నాడు. అందరికీ ఆ హక్కు తీసేస్తే ఇలాంటివి జరగవు. ఉస్తాద్ కళ్ళజోడు తీసి కళ్ళు రుద్దుకుంటున్నాడు. పొద్దుటినుంచి స్క్రీన్ చూసి చూసి కళ్ళు ఎర్రబడ్డాయి.

"సరే. రేపు పొద్దున అందరినీ పిలిచి చెప్పు. నేనూ వస్తా" అన్నాడు.

మర్నాడు ఓపీ మొదలుకాకముందే మీటింగు హాల్లో అందరూ కూడారు. రికార్డులవాళ్ళు, చీటీలు రాసేవాళ్ళు, మందుల షాపువాళ్ళు. ఎస్తేరు రాణి చివరి వరసలో గోడవైపు కూర్చుంది. ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. ఉస్తాద్ లోపలికి వచ్చి, ముందు వరసలో తనకోసం వదిలిన కుర్చీ దాటి, నేరుగా వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు.

నరహరి నిలబడి మాట్లాడటం మొదలుపెట్టాడు. జరిగింది చెప్పాడు. కొత్త కట్టడి గురించి చెప్పబోతుండగా వెనక నుంచి ఒక చెయ్యి లేచింది. బడిపిల్లవాడిలా చెయ్యి పైకెత్తి ఉస్తాద్ ఎదురుచూస్తున్నాడు.

"చెప్పండి ఉస్తాద్."

ఉస్తాద్ లేచి నిలబడ్డాడు. "నాకో సందేహమప్పా. నేనిక్కడ ఒక ఫైలు తీసేస్తే, అక్కడ కాపీ ఉంటుందా?"

అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆసుపత్రిలో మొదటి సర్వర్ పెట్టిన చేతులవి. తనని అందరిముందూ ఎగతాళి చేస్తున్నాడేమో అనుకున్నాడు నరహరి. ఆయన మొహం చూశాడు. నవ్వు లేదు. నిన్న వరండాలో ఉలిగమ్మ ఎలా అడిగిందో అలాగే అడిగి, జవాబు కోసం నిలబడి ఉన్నాడు.

నరహరి చెప్పాడు. సాయంత్రం నడిచే ప్రోగ్రాము గురించి చెప్పాడు.

"అర్థం కాలేదప్పా" అన్నాడు ఉస్తాద్. "ఇంకోసారి చెప్పు."

మళ్ళీ చెప్పాడు. ఈసారి కొంచెం నిదానంగా. ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు. నరహరి ఆగి, ఏం చెప్పాలా అని ఆలోచించాడు. అప్పుడు చూశాడు, హాల్లో ఒక్కరికీ అర్థం కాలేదు. ఉస్తాద్‌కి తప్ప ఎవరికీ అడిగే ధైర్యం లేక, అర్థమైనట్టు కూర్చుని ఉన్నారు. ఎన్నాళ్ళనుంచో అలాగే కూర్చుని ఉన్నారేమో.

"అది అద్దం లాంటిది ఉస్తాద్" అన్నాడు చివరికి. "మీరు ముందుంటే లోపలా ఉంటారు. మీరు పక్కకి తప్పుకుంటే లోపలా ఉండరు. అక్కడి కాపీ సాయంత్రం దాకా ఉంటుంది, ఆ తర్వాత ఉండదు. నేను దాచిపెడుతున్నాననుకున్నాను. దాచిపెట్టలేదు. ప్రోగ్రాము అలా రాయడం నా తప్పు. ఆ సంగతి పేజీలో చెప్పకపోవడం కూడా."

ముందు వరసల్లో తలలు కదిలాయి. ఎవరో "ఓహో" అన్నారు మెల్లగా.

"ఇప్పుడు తెలిసిందప్పా" అన్నాడు ఉస్తాద్. కానీ కూర్చోలేదు. "మరి నేను ఏదైనా తీసేసే ముందు ఏం చేయాలి?"

నరహరి ఇంకేమీ ఆలోచించలేదు. నోటికి ఏది వచ్చిందో అదే అన్నాడు.

"నన్నడగండి ఉస్తాద్."

"అడగొచ్చునా?" అన్నాడు ఉస్తాద్.

నరహరి కట్టడి గురించి రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఉస్తాద్ కూర్చున్నాడు. బయట ఓపీ గంట మోగింది, అయినా ఎవరూ లేవలేదు. కాసేపటికి ఎస్తేరు రాణి గొంతు సవరించుకుని, ఫైలు పేరు మారిస్తే ఏమవుతుంది సార్ అని అడిగింది.

అతను తొందరపడలేదు. ఆమె అడగడం పూర్తయ్యేదాకా విన్నాడు.