పాటకు ముందు

ఓబులేశుకు తల్లి గొంతు ఒక్కసారి వినాలని ఉంది. సుంకమ్మ పోయి ఇంకా నెల కాలేదు. ఫొటోలు చాలానే ఉన్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు.

ఉంటే గింటే ఊళ్లోని ఆశ్రమంలోనే ఉండాలి. ఆమె అక్కడ దీపం పెట్టే మనిషి. గురువు నాగన్నస్వామి తత్వాలు పాడిన ప్రతి సాయంత్రం ఆమె అక్కడే ఉండేది. ఆ పాటల క్యాసెట్లన్నీ పోయినేడు కంప్యూటర్లోకి ఎక్కించింది ఓబులేశే.

అప్పుడు అతని హుషారు చూడాలి! పైథాన్‌లో ప్రోగ్రాం రాశాడు. అందులో వాడుకున్న ఒక లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడు, ప్రతి ఫైలుకూ పాట పేరు, పాడినవారి పేరు ట్యాగులుగా తగిలించింది. ఇంకో లైబ్రరీ పాటకు ముందున్న ఖాళీని కత్తిరించి పారేసింది. ఎంత సన్నని శబ్దాన్ని ఖాళీ కింద జమకట్టాలో, ఆ గీత అతనే గీశాడు. పాత ఫైళ్ల మీదే కొత్తవి సేవ్ చేశాడు. బూజు పట్టిన క్యాసెట్లను చెత్తలో వేయించాడు. “నొక్కితే చాలు, పాటే!” అని ఊరంతా చెప్పుకున్నాడు.

ఇప్పుడు ట్యాగుల్లో సుంకమ్మ పేరు వెతికితే ఒక్క ఫైలూ రాలేదు. ల్యాప్‌టాప్ పట్టుకుని గురువు దగ్గరికి వచ్చాడు.

“సామీ, మా యమ్మ ఏ పాటలోనన్నా గొంతు కలిపిందా? నాకు యాడా దొరకల్యా.”

“మీ యమ్మ ఎప్పుడూ పాడల్యా నాయనా. ఏదో ఒగటి పెట్టు, విందాం.”

పెట్టాడు. నొక్కీ నొక్కగానే పాట ఖంగున మోగింది. ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

“ఎవురప్పా ఈ తొందరగాడు? దీపం ఎలగకముందే పాట ఎత్తుకున్నాడు!”

“మీరే సామీ.”

“నేనా? మీ యమ్మ చెప్పకుండా నేనెప్పుడన్నా ఎత్తుకున్న్యానా?”

ఓబులేశుకు అప్పుడు గుర్తొచ్చింది. దీపం వెలిగించి, మైకుకు దూరంగా గోడవార నిలబడి, అమ్మ మెల్లగా ఒక మాట చెప్పేది. ఆ మాట అయ్యాకే గురువు పాడేవాడు. గబగబా ఇంకో ఫైలు తెరిచాడు. ఇంకోటి. అన్నీ పాటతోనే మొదలయ్యాయి.

“ఖాళీ అనుకోని నేనే కోసేసినా సామీ,” అని మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు.

గురువు అతన్ని ఏడవనిచ్చాడు.

పొద్దు వాలింది. భజనకు జనం వచ్చి కూర్చున్నారు.

“నీ మిషను పెట్టు. దీపం గూడా నువ్వే పెట్టు,” అన్నాడు గురువు.

ఓబులేశు ల్యాప్‌టాప్‌లో రికార్డింగు నొక్కాడు. లేచి వెళ్లి ఒత్తి సరిచేసి దీపం వెలిగించాడు. గురువు తంబుర ఒళ్లోకి తీసుకున్నాడు. పాడలేదు. ఓబులేశు వైపే చూస్తూ కూర్చున్నాడు. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గురువు కదల్లేదు.

ఓబులేశు గోడవారకు వెళ్లి, అమ్మ నిలబడే చోట నిలబడ్డాడు.

“దీపం పెట్టినా సామీ. ఇంగ ఎత్తుకోండి.”

చాలా సన్నగా వచ్చింది. ప్రోగ్రాంలో అతను గీసిన గీతకు కిందే ఉండిపోయే మాట.

గురువుకు వినబడింది. పాట ఎత్తుకున్నాడు.