మూత తీసిన కుండలు

ఆ పట్టణంలో పాటలను కుండల్లో అమ్ముతారు. మూత తీస్తే పాట వినిపిస్తుంది, మూత పెడితే ఆగిపోతుంది. అరచేతిలో ఇమిడే కుండ, దాని మెడ చుట్టూ పాటల కొట్టు వాళ్ళ ఎర్రలక్క ముద్ర. ఏ పాటైనా వెల ఒకటే, సోలెడు జొన్నలు.

పట్టణానికి కొత్తగా వచ్చిన ఒక తల్లి అలాంటి కుండలు ఇరవై అయిదు కొంది. ఆమెది చాలా దూరదేశం. భర్త దారిలోనే జ్వరంతో పోయాడు. ఇద్దరు కూతుళ్ళు మిగిలారు. పెద్దదానికి పదేళ్ళు, చిన్నదానికి మూడు. పిల్లలు నలుగురిలో నవ్వులపాలు కాకూడదు, ఈ ఊరి భాష పట్టుబడాలి అని ఆమె పాటలు కొంది. తన భాష వాళ్ళను విడిచిపోకూడదని పొద్దస్తమానం వాళ్ళతో మాట్లాడుతూనే ఉండేది. నీళ్ళు పోస్తూ మాట్లాడేది, జడ వేస్తూ మాట్లాడేది. ఊరు మొత్తం మీద ఆ భాష వచ్చినవాళ్ళు ఆమె, పెద్దకూతురు, ఇప్పుడిప్పుడే మాటలు నేరుస్తున్న చిన్నది. అంతే.

ఆమెకు భయం ఎక్కువ. పరాయి చోట పిల్లల్ని పెంచేవాళ్ళకు ఉండే భయమే అది. పిల్లలు దారిలో రాలిన పండు ఏరుకొస్తే, ఏ చెట్టు కింద దొరికిందో అడిగి అక్కడే పెట్టి రమ్మనేది. కొలతలో పిడికెడు గింజలు ఎక్కువ వస్తే మండుటెండలో వెనక్కి నడిచి ఇచ్చి వచ్చేది. కొట్టువాళ్ళు నవ్వుకునేవారు. ఈమెకు అమ్మడం కంటే ఊరికే ఇవ్వడం సులువు, కాకపోతే పుచ్చుకోదు, అనుకునేవారు.

పక్కిల్లు గానుగాయనది. ఒకరోజు ఆయన భార్య చంటిబిడ్డను భుజాన వేసుకుని వచ్చింది. బిడ్డకు ఒళ్ళు కాలిపోతోంది, ఏడుపు ఆపడం లేదు. జోలపాట కుండ ఒకసారి చూపిస్తావా వదినా, అని అడిగింది. చూపించడమంటే ఏమిటో తల్లికి తెలియలేదు. గానుగాయన భార్య కొంగులోంచి ఒక ఉత్తి కుండ తీసి, నిండు కుండ మూతికి మూతి ఆనించి, రెప్పపాటు ఉంచి తీసింది. ఉత్తి కుండలోనూ పాట పలికింది. నిండు కుండలో పాట ఎప్పట్లాగే ఉంది.

"ఇది తోడు వేసినట్టేగా," అంది తల్లి ఆశ్చర్యపోయి.

ఆమె దేశంలో పెరుగు తోడు అడిగితే లేదనరు. అంతే కాదు, ఒకసారి తోడు పుచ్చుకున్న మనిషి చేత రెండోసారి అడిగించుకోవడం తప్పు. అందుకని పెరుగు బాగా తోడుకున్న ఇంటివాళ్ళు పొద్దున్నే ఒక గిన్నెలో కాస్త తీసి, పైన ఆకు కప్పి, ప్రహరీ గోడ మీద పెట్టేస్తారు. కావలసినవాళ్ళు చెంచాడు తీసుకుని ఆకు మళ్ళీ కప్పి పోతారు. ఎవరు తీసుకున్నారో ఇంటివాళ్ళు చూడరు. చూడటం మర్యాద కాదు.

మర్నాటి నుంచి ఆమె పాటల కుండల్ని గోడ మీద పెట్టి, మూతలు తీసి, పైన పల్చటి గుడ్డ కప్పేది. వీధి వీధంతా ఉత్తి కుండలు పట్టుకుని వచ్చేది. సాయంత్రం కుండల్ని లోపలికి తెచ్చి, ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని, పాట చివరిదాకా ఉందో లేదో చూసుకునేది. ఒక్క మాటైనా తగ్గలేదు. ఎవరికీ ఏమీ పోలేదని నిమ్మళించి అన్నం తినేది.

నాలుగు నెలల తర్వాత పాటల కొట్టు మనుషులు వచ్చి గోడ మీది కుండలు లెక్కపెట్టుకుపోయారు. ఆ వెనకే యజమాని స్వయంగా వచ్చాడు. చెడ్డవాడు కాదు. గుమ్మం బయటే నిలబడి, మంచినీళ్ళు అడిగి తాగి, సంగతి చెప్పాడు. తన కొట్టును నమ్ముకుని కుమ్మరులున్నారు, లక్క కాచేవాళ్ళున్నారు, పాడేవాళ్ళున్నారు. గోడ మీద ఊరికే దొరికేదానికి సోలెడు జొన్నలు ఎవరిస్తారు?

ఆమె అది తనకు తోచలేదని ఒప్పుకుంది. ఎంతమంది తీసుకున్నారో చూడలేదు గానీ, ఎంతమంది అని ఆయన చెబితే అన్ని సోలల జొన్నలూ తానే ఇస్తానంది. ఏడాది పట్టినా, రెండేళ్ళు పట్టినా కోతలకు పోయి తీరుస్తానంది.

జొన్నలు అక్కర్లేదన్నాడాయన. పాట దొంగిలిస్తే ఈ పట్టణంలో పరిహారం గొంతుతో చెల్లించాలి. ఒక్కో పాటకు ఇన్నేళ్ళ మౌనం అని కట్టి, అన్నేళ్ళ గొంతును కుండలోకి దించుకుంటారు. అయినా ఆమె పరాయి మనిషి, ఆడకూతురు కాబట్టి ఒక దారి చూపించాడు. దొంగతనం చేశానని రాసిచ్చి రెండేళ్ళ గొంతు ఇస్తే చాలు, సభకు ఎక్కనక్కర్లేదు.

ఆమె ఆ రాత్రంతా ఆలోచించలేదు. అప్పుడే జవాబు చెప్పింది. రెండేళ్ళు తన నోరు మూగపోతే చిన్నది తన భాష మరిచిపోతుంది. మరిచిపోయిన భాషలో రేపు దాన్ని ఏమని పిలుచుకోవాలి? ఇక దొంగతనం అన్న మాట.

"తప్పు చేశానని రాసిస్తాను బాబూ. దొంగనని రాస్తే పెద్దది చదువుతుంది," అంది.

ఆయన తల పంకించి వెళ్ళిపోయాడు.

సభ కూడింది. ధర్మాధికారి ఎత్తు పీట మీద కూర్చున్నాడు. ఆయనకు కిందగా ఏడుగురు పట్టణస్థులు, చీటీలు వేస్తే పేర్లు వచ్చినవాళ్ళు. వాళ్ళలో మొదటివాడు గానుగాయన. తల్లి ఆయన్ని చూసి కాస్త ధైర్యం తెచ్చుకుంది.

ఇరవై నాలుగు పాటలు, అని చదివారు. మూతలు తీసింది నువ్వేనా అని అడిగారు. నేనే అంది. అంతటితో ఊరుకోవలసింది. కానీ అబద్ధం మిగిలిపోతుందన్న బెంగ ఆమెకు.

"ఇరవై నాలుగు కాదండీ, ఇరవై అయిదు. వీళ్ళు లెక్కపెట్టిన రోజున ఒకటి ఇంట్లో ఉంది. చిన్నది దాన్ని పట్టుకుని పడుకుంది."

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాసేవాడు ఇరవై నాలుగు కొట్టేసి ఇరవై అయిదు రాశాడు.

ఇందులో నీకు ఎంత నష్టం వచ్చిందని ధర్మాధికారి యజమానిని అడిగాడు. నష్టమెంతో చెప్పాలని చట్టంలో లేదన్నాడు యజమాని. పాటకు ఏడేళ్ళకు తగ్గకుండా, డెబ్భై ఏళ్ళకు మించకుండా అని మాత్రమే ఉంది.

ధర్మాధికారి గడ్డం నిమురుకున్నాడు. "ఆ చట్టం మా తాతల నాటిది. నదిమీద దొంగలు పడవలకు పడవలు దోచుకుపోయే రోజుల్లో రాశారు. ఇక్కడ ఉన్నది ఒక గోడ."

"చట్టంలో పడవ అని లేదు ప్రభూ. పాటకు అనే ఉంది."

పాటలు కట్టిన ముసలాయన్ని కూడా పిలిపించారు. వాగు దగ్గర ఎవరైనా తన పాట కూనిరాగం తీస్తూ కనబడితే ఆ పూట అన్నం సహించేదని, అంతకు మించి తనకేమీ తెలియదని చెప్పాడు. వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, ఈ తల్లి గొంతులో తన వంతు ఏమైనా ఉందా అని అడిగాడు. గొంతును పంచడం కుదరదని చెప్పి పంపేశారు.

తర్వాత రాళ్ళు వేసే వేళ అయింది. అక్కడి పద్ధతి ఇది. ఏడుగురూ వరసగా లేచి, ఒక రాగి బిందెలో గులకరాళ్ళు వేయాలి. ఒక్కొక్కరు ఒకటికి తగ్గకుండా, పదికి మించకుండా. రాయికి ఏడాది. ఎవరు ఎన్ని వేశారో కనబడకుండా బిందెకు తెర కడతారు. కానీ రాగి బిందె. రాయి పడితే సభ చివరిదాకా వినబడుతుంది.

గానుగాయన లేచాడు. తన ఇంట్లో అటక మీద అలాంటి కుండలు పదకొండు ఉన్నాయి. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆయన భార్యకు తెలుసు. తల్లికి మాత్రం తెలియదు, ఆమె ఎప్పుడూ చూడలేదు గనక. ఒక రాయి వేద్దామనే ఆయన తెర దాకా నడిచాడు. ఒకటే వేస్తే, వీడికి ఈమె మీద ఇంత జాలి ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అడిగినవాళ్ళు అటక కూడా చూడవచ్చు. ఆయన చెయ్యి బిందెలో పది రాళ్ళు వేసింది. సభ పదీ లెక్కపెట్టింది.

రెండో మనిషి ఇంట్లో కుండలు ఆరు. పది పడిన చోట తాను మూడు వేస్తే ఎలా ఉంటుందో ఆలోచించుకున్నాడు. పది వేశాడు. మూడో ఆయన పది వేశాడు, తర్వాతి ముగ్గురూ పదే వేశారు. ఇంట్లో ఒక్క కుండ కూడా లేని ఏడో ముసలమ్మ, ఇంతమంది పెద్దలు పది వేశారంటే అది ఎంత పెద్ద తప్పో అనుకుని పది వేసింది.

పాటకు డెబ్భై ఏళ్ళు. ఇరవై అయిదు పాటలకు పదిహేడు వందల యాభై అని రాసేవాడు రెండుసార్లు గుణించి చూసి చెప్పాడు. ధర్మాధికారి కళ్ళు మూసుకున్నాడు. యజమాని కూడా అంత అనుకోలేదు. అంతమంది ఎదుట ఎక్కువైందని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. ఆమె గొంతులో మిగిలింది నలభై ఏళ్ళని అంచనా కట్టి, తక్కిన పదిహేడు వందల పది ఏళ్ళూ కూతుళ్ళ పేర, వాళ్ళకు పుట్టబోయేవాళ్ళ పేర రాశారు. పెద్దదానికి పదహారేళ్ళు నిండాక మొదలు.

బయటికి వస్తుంటే గానుగాయన ఆమెకు ఎదురుపడ్డాడు. ఆమె ఆయనకు దణ్ణం పెట్టింది. అన్నయ్యా, మీరైనా తక్కువే వేసి ఉంటారు, శబ్దం లెక్కపెట్టడం నాకు చేతకాలేదు, అంది. ఆయన చెప్పులు వెతుక్కున్నాడు.

గొంతు దించే రోజు వచ్చింది. పాటల కొట్టు వెనక చావడిలో కొత్త కుండ ముందు ఆమెను కూర్చోబెట్టారు. గొంతు ఉన్నంతసేపు మాట్లాడాలి. మాట్లాడినదల్లా కుండలోకి పోతుంది, మళ్ళీ రాదు. మామూలుగా అక్కడ కూర్చున్నవాళ్ళు ఏడుస్తారు, తిడతారు, దేవుడికి మొరపెట్టుకుంటారు. ఆ కుండల్ని చీకటి కొట్లో పడేస్తారు.

ఆమె ఏడిస్తే గొంతు వృథా అవుతుందనుకుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తన భాషలో, నెమ్మదిగా, పిల్లలకు చెప్పవలసినవన్నీ చెప్పింది. మరిచిపోతానేమోనని కొన్ని రెండుసార్లు చెప్పింది. చివర చిన్నదాని పేరు పలికింది. సగం పేరు దగ్గరే గొంతు అయిపోయింది.

కాపలా ఉన్నవాడికి ఆ భాష తెలియదు. వినీ వినీ గోడకు చేరగిలబడి నిద్రపోయాడు. అతన్ని లేపడానికి వచ్చినవాడికీ కళ్ళు మూతలు పడ్డాయి. సంగతి యజమానికి చెప్పారు. ఆయన కూడా చెవి పెట్టి విన్నాడు. ఇది చీకటి కొట్లో వేయవలసింది కాదన్నాడు. ఆ కుండ మూతికి మూతి ఆనించి సాయంత్రానికి వెయ్యి కుండలు నింపించాడు. మొదటి కుండలో ఒక్క మాటైనా తగ్గలేదు. పరదేశి జోలపాట అని పేరు పెట్టి అమ్మకానికి ఉంచారు.

పెద్దకూతురు పది రోజులు కోతలు అయిన చేలల్లో పరిగె ఏరింది. మూట తీసుకుని కొట్టుకు పోయింది. అమ్మేవాడు జొన్నలు కొలిచి పోసుకుని, కుండ చేతిలో పెట్టి, ఆ సభ తర్వాత అందరికీ చెబుతున్నట్టే ఆ పిల్లకూ చెప్పాడు. మూత జాగ్రత్త, కిటికీ తెరిచి వినకూడదు, బయటికి వినబడితే పాట దొంగిలించినట్టే.

మధ్యాహ్నం చిన్నది తల్లి ఒడిలో తల పెట్టుకుని పడుకుంది. పెద్దది మూత తీసింది.

తడి తలతో వాకిట్లోకి పోకు, అంది తల్లి గొంతు. ఊఁ, అంది చిన్నది కళ్ళు మూసుకునే. అక్క అన్నం పెడితే పేచీ పెట్టకు. ఊఁ. దగ్గు వస్తే దాచుకోకు, చెప్పు. ఊఁ. ఎవరిదీ తీసుకోకు, అడిగినవాళ్ళకి లేదనకు. ఊఁ.

తల్లికి చట్టం గుర్తొచ్చింది. చిన్నదాని తలను మెల్లిగా దిండు మీదికి మార్చి, కిటికీ మూయడానికి లేచింది. రెక్క మీద చెయ్యి వేసింది.

బయట ఎండ. వీధిలో ఎవరూ లేరు. గానుగాయన ఇంట్లోంచి, మూసిన తలుపుల వెనక నుంచి, తన గొంతు వినబడుతోంది. తడి తలతో వాకిట్లోకి పోకు. ఎదురింట్లోంచీ అదే. ఆ పక్క ఇంట్లో అప్పుడే మొదలైంది. వీధి చివరిదాకా ఆమె గొంతు, ఒక్క ముక్కా అర్థంకాని పిల్లలకు జాగ్రత్తలు చెబుతోంది. ఒక్కో ఇంట్లో ఏడుపు ఆగిపోతోంది.

చిన్నది ఊకొట్టడం మానేసి లేచి కూర్చుంది.

"అమ్మా, అక్కడ ఎవరికి చెబుతున్నావు?"

తల్లి నోరు తెరిచింది.