రెండు రాజ్యాల పాతరలు

మౌలాలికి ఊరి మీద బెంగ. అంత బెంగైతే పోయి రావచ్చు కదా అంటే పోడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

అతనిది నీలవంక రాజ్యం. అక్కడ రాజుగారి పాతరలకు అతనే పెద్ద. జొన్నలు పోసి, పైన మన్ను కప్పి, కరువు కోసం దాచే గోతులవి. ఓ ఏడాది వానలు ముఖం చాటేస్తే రాజు పాతరలు తీయమన్నాడు. ఇప్పుడే తీస్తే రేపటికి ఏముంటుందని మౌలాలి అడ్డుపడ్డాడు. రాజు వినలేదు. తల్లి లేని తనను పెంచిన అక్క జైనాబి కూడా, పిల్లలు ఏడుస్తుంటే నీ గోతులు ఎవరికిరా అంది. ఆ మాట గుచ్చుకుంది. పాతరలు మళ్ళీ నిండిన నాడే నీ గడప తొక్కుతానని అక్కతో చెప్పి వచ్చేశాడు.

వచ్చి, నీలవంకకూ కోటకొండ రాజ్యానికీ నడుమ ఉన్న గుట్ట మీద, జమాలు తాత అనే ఫకీరు దగ్గర శిష్యుడిగా చేరాడు.

కోతలయ్యాక రెండు రాజ్యాల బండ్లూ ఆ గుట్ట కిందుగానే పోతాయి. మౌలాలి దిగి వెళ్ళి ప్రతి బండినీ ఆపేవాడు. మీ దగ్గర ఎన్ని పాతరలు నిండాయి, నిరుటికీ ఇప్పటికీ ఎంత తేడా అని అడిగేవాడు. కోటకొండలో ఏటేటా పెరుగుతున్నాయి. నీలవంకలో ఏటేటా తరుగుతున్నాయి. అతని తిరుగు ప్రయాణం కూడా ఏటేటా దూరం జరుగుతోంది. సాయంత్రాలు నీలవంక వైపు తిరిగి కూర్చునేవాడు. అక్క కలిపిపెట్టే సంగటి ముద్ద గుర్తొచ్చేది.

ఒకనాడు ఉండబట్టలేక అడిగాడు.

"తాతా, పక్క రాజ్యం అట్లా పెరుగుతాంటే, నా రాజ్యం ఎందుకిట్లా తరిగిపోతాంది?"

ఆ పూట తాత మౌలాలి చేతిలోని జొన్నరొట్టె తీసుకుని ఒక కుండలో వేసి మూత పెట్టాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. తన రొట్టె మాత్రం ఉల్లిగడ్డ కొరుక్కుంటూ సుబ్బరంగా తిన్నాడు.

ఆకలికి మౌలాలికి కళ్ళు తిరిగాయి. అప్పుడు తాత కుండ మూత తీసి చూపించాడు.

"నా దగ్గర ఒక్క రొట్టె మిగల్లేదు నాయనా. నీ కుండ చూడు, దినదినమూ పెరుగుతాంది. నీదే గొప్ప రాజ్యం."

మౌలాలికి నవ్వు రాలేదు. ఆకలికి తాళలేక గుట్ట మీదికి అంబలి కోసం వచ్చేవాళ్ళకు ఇన్నేళ్ళుగా పోస్తున్నది అతనే. వాళ్ళంతా కోటకొండ వాళ్ళే. నీలవంక నుంచి ఒక్కరూ వచ్చింది లేదు. ఆ సంగతి ఇప్పటిదాకా బుర్రకు తట్టలేదు.

తాత వేడి రొట్టె తెచ్చి చేతిలో పెట్టి, తినేదాకా పక్కనే కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"ఇన్ని బండ్లు ఆపితివే. మీ అక్క పొయ్యి వెలుగుతాందా అని ఒక్కణ్ణన్నా అడిగితివా?"



ఆ వారంలోనే నీలవంక నుంచి బండి వచ్చింది. తోలుతున్నది తిప్పన్న, ఏటా వచ్చేవాడే. మౌలాలిని చూడగానే బండి ఆపి, అలవాటు కొద్దీ పాతరల లెక్క ఎత్తుకున్నాడు. మౌలాలి చెయ్యెత్తి ఆపాడు.

"అది గాదు తిప్పన్నా. మా అక్క ఎట్లుంది?"

తిప్పన్న పగ్గాలు వదిలి బండి దిగాడు.

"ఇన్నాళ్ళకు అడిగితివా సామీ. నువ్వు ఎప్పుడూ ఆ మాట రానీకపోతివి. నేను తిరిగి పోతానే ఆయమ్మ ఊరి బయటికే ఎదురొస్తుంది. ప్రతిసారీ ఒకటే అడుగుతుంది, వాడు తింటాండాడా అని."

మౌలాలి మళ్ళీ గుట్ట ఎక్కలేదు. తాతకు చెప్పి పోవాలన్న ధ్యాస కూడా లేకుండా, ఉన్నవాడు ఉన్నట్టే నీలవంక దారి పట్టాడు.