ఐలేష్ కుడికాలు

మార్కెట్ యార్డులో లారీ మీంచి బస్తాతో సహా జారిపడి ఐలేష్ పహిల్వాన్ కుడికాలి చీలమండ మూడు చోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. మూడు నెలలకు ఎముక అతుక్కుంది గానీ కాలికి సత్తువ రాలేదు. ఇంకోసారి మెలికపడితే మొదటికే మోసమని డాక్టర్ హెచ్చరించాడు. ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ చేయమని కొన్ని కసరత్తులు నేర్పింది. పూటకు ఐదువందల బస్కీలు తీసినవాడికి అవి పసిపిల్లల ఆటల్లా అనిపించాయి. నాలుగు రోజులు చేసి మానేశాడు.

దసరా కుస్తీలు ఇరవై రోజుల్లోకి వచ్చాయి. నిరుడు వెండి కడియం గెలిచింది తనే. ఈసారి అది ఇంకొకడి చేతికెక్కుతుందన్న తలంపు అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు.

ఓ పొద్దున చీలమండకు గుడ్డ బిగించి కట్టుకుని, పహిల్వాన్లు కసరత్తు చేసే తాలీంకు వచ్చాడు. అతనికి కుస్తీ నేర్పిన జహంగీర్ ఉస్తాద్ గోదాలో పారతో మన్ను తిరగేస్తున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి.

"ఉస్తాద్, ఇయ్యాల గోదాల దిగుత."

వద్దంటాడనుకున్నాడు. వద్దంటే ఏమనాలో దారంతా కూడబలుక్కుని వచ్చాడు.

ఉస్తాద్ పార గోడకానించాడు. "దిగు బిడ్డా. నాతోనే పట్టు."

బస్కీలు తీస్తున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

ఐలేష్ దిగాడు. ముసలాయన ఏ పట్టూ పట్టలేదు. ఎదురుగా నిలబడి అతని రెండు చేతులూ అందుకున్నాడు.

"ఎడమకాలు లేపు."

ఐలేష్ లేపాడు. ఒంటి బరువంతా కుడికాలి మీద పడింది.

"ఒకటి," అన్నాడు ఉస్తాద్.

చీలమండ వణికింది.

"రెండు."

చెమట కళ్లలోకి కారింది. మూడు అనేలోపే కాలు పక్కకు ఒరిగిపోయింది.

మన్ను తాకకముందే ఉస్తాద్ చంకల కింద చేతులేసి ఆపాడు. మెల్లగా కూర్చోబెట్టాడు.

ఐలేష్ తల ఎత్తలేదు.

ఉస్తాద్ అతని ముందు చతికిలబడి, ఆ కాలు ఒళ్లోకి తీసుకుని గుడ్డ కట్టు విప్పసాగాడు.

"నా కాలు ముట్టకు ఉస్తాద్! పాపం తగుల్తది!" ఐలేష్ వెనక్కి గుంజుకోబోయాడు.

ఉస్తాద్ వదల్లేదు. చీలమండను నెమ్మదిగా తడిమి, నొప్పిగా ఉందా అన్నట్టు ముఖంలోకి చూశాడు. ఐలేష్ లేదన్నట్టు తలాడించాడు. అప్పుడు తన భుజం మీది తువాల తీసి మన్ను మీద పరిచి, పాదాన్ని దాని మీద పెట్టించాడు.

"వేళ్లతోని దగ్గరికి గుంజు."

ఆసుపత్రి అమ్మాయి చెప్పిందీ ఇదే. ఐలేష్ పళ్లు బిగబట్టి గుంజాడు. కాలివేళ్లు ముడుచుకున్నాయి, జారాయి, మళ్లీ ముడుచుకున్నాయి. పిక్క పట్టేసింది. ముసలాయన రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఎంతసేపు పెనుగులాడినా తువాల బెత్తెడు కూడా జరగలేదు.

"గెలుపెవరిది?" అడిగాడు ఉస్తాద్.

ఐలేష్ తన పాదం వంక చూశాడు.

"తువాలది, ఉస్తాద్."

"మరి రేపు గూడ నీతోని పట్టే జోడి అదే. పొద్దుగాల్నే రా."