వీధి మొదట్లో చెప్పులు

అడిగినదానికి తిరుపాలు మాస్టారు తిన్నగా జవాబు చెప్పరు. "పద, అలా వెళ్ళొద్దాం" అంటారు. ఆయన శిష్యులమంతా అలా ఎండల్లో నడిచినవాళ్ళమే.

ఆ రోజు అడిగింది సుభాషిణి. స్పిన్నింగ్ మిల్లుల్లో పనిచేసే ఆడపిల్లల గోడు వినిపించే మా వెబ్ పత్రికను నడిపేది ఆమే. చదివేవాళ్ళు లేరని తేలితే దాన్ని మూసేద్దామని, ఖర్చు భరించే మా కార్మిక సమితి పెద్దలు మర్నాడు కూర్చోబోతున్నారు. వాళ్ళు శ్రామికవర్గాన్ని కూడా హాజరుపట్టీలో చూశాకే నమ్మే పెద్దలు.

"వేలమంది వచ్చారని సర్వర్ అంటుంది మాస్టారూ. పేజీలో పెట్టిన లెక్కల పరికరం వందల్లోనే అంటుంది. సర్వర్ తలుపు తట్టిన ప్రతిదాన్నీ రాసుకుంటుంది, వాటిలో మనుషులకంటే నెట్‌లో తిరిగే బాట్ యంత్రాలే ఎక్కువని సమితి వాదన. చిన్న అంకె పట్టుకుని మూసేస్తారు. అసలు ఏది నిజం?"

"పద. ఇవాళ కాంపౌండర్ బసవయ్య పెద్దకర్మ."

అన్ని వాడలకూ తిరిగి సూదిమందు వేసిన మనిషి బసవయ్య. మేం ముగ్గురం వెళ్ళేసరికి ఆయన కొడుకు గుమ్మంలో నిలబడి, బయట విడిచిన చెప్పులకేసి చూస్తున్నాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఊరికింత చేశాడు మా నాన్న. ఆఖరికి ఇంతమందేనా?"

వంటమనిషి అబ్బులు గరిటె పట్టుకునే వచ్చాడు. "అదేంటి బాబూ! దొడ్లో బంతి మీద బంతి లేచింది. కాకులకీ కుక్కలకీ వేసిన విస్తళ్ళు తీసేసినా బోల్డంతమంది."

"ఓదార్చకు అబ్బులూ. చెప్పులేవి మరి? గాల్లో ఎగిరొచ్చారా?"

అబ్బులు తల దించుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మాస్టారు మమ్మల్ని వీధి మొదటికి తీసుకెళ్ళారు. అక్కడ కల్వర్టు గోడ పక్కన అరిగిపోయిన చెప్పులు కుప్పగా ఉన్నాయి. భోంచేసి వచ్చిన ఒక ముసలావిడ తన జత వెతుక్కుంటోంది.

"ఇంటిదాకా వేసుకురావచ్చుగా అమ్మా?" అన్నారు మాస్టారు.

ఆవిడ నవ్వింది. "పెద్దోళ్ళ ఈధి గదయ్యా. ఇప్పుడెవురూ వద్దనరులే. అనేదాకా తెచ్చుకోడం దేనికి?"

ఆ ఆచారం తప్పని చట్టం ఏనాడో చెప్పింది. చట్టం పుస్తకంలో ఉంది. చెప్పులు కల్వర్టు దగ్గర ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. కేకలు వేద్దామంటే ఎదురుగా నిలబడ్డది ఆవిడ ఒక్కతే.

ముసలావిడ తన జత తొడుక్కుని వెళ్ళిపోయాక సుభాషిణి ఆ కుప్పవైపు తిరిగింది.

"మిల్లు హాస్టల్లో వార్డెన్ పిల్లల ఫోన్లు తెరిపించి చూస్తుంది మాస్టారూ. అందుకే వాళ్ళు జాడ మిగల్చని, లెక్కల పరికరాల్ని అడ్డుకునే బ్రౌజర్లో చదువుతారు. మన పరికరానికి వాళ్ళు కనబడరు. కానీ చదువుతున్నారు. ఎంతమందో తెలీదు గానీ చదువుతున్నారు. రేపు సమితికి ఆ సంగతి ఎలా చూపించను?"

మాస్టారు ముసలావిడ వెళ్ళినవైపే చూస్తూ అన్నారు: "చూపించగలిగిందే అయితే, అమ్మా, సమితికంటే ముందు వార్డెనే చూసేది."