లేని గుంతలు

మార్గాధికారి చలమరాజు ఊరూరా దండోరా వేయించాడు. "రాజమార్గం అద్దంలా తయారైంది! గుంతలున్నాయన్నవాళ్లకు కొరడా దెబ్బలు!"

బండి తోలే పోలమ్మ, గుంతలో దిగబడిన చక్రాన్ని భుజంతో ఎత్తుతూ ఆ మాట వింది. పళ్లు నూరుతూ బండిని గట్టెక్కించింది.

వారం తిరక్కుండా చలమరాజుకు కోట నుంచి పిలుపొచ్చింది. పల్లకీ మోసే బోయీలకేమో ఆ అద్దంలాంటి దారిలోనే కాళ్లు బెణికాయి. గత్యంతరం లేక పట్టుబట్టలతో పోలమ్మ బండెక్కాడు.

పోలమ్మ ఎద్దుల్ని తిన్నగా తోలింది. మొదటి గుంతకు ఆయన తలపాగా ఎగిరిపోయింది. రెండోదానికి ఆయనే బురదలో పడ్డాడు.

"కళ్లు కనబడవటే? పక్కనుంచి తోలొచ్చుగా!"

"పక్కకు తోలితే ఇక్కడ గుంత ఉందని చాటినట్టే కదా దొరా! కొరడా దెబ్బలు నేను తినలేను. ఎక్కండి, ముందర లేని గుంతలు ఇంకా చాలా ఉన్నాయి."

చలమరాజు ముందున్న దారికేసి చూశాడు. కోట ఇంకా కనుచూపుమేరలో లేదు.

మర్నాడు మళ్లీ డప్పు మోగింది. "గుంతలున్నాయి! ఎక్కడున్నాయో చెబితే పూడుస్తాం!"

పారలు పట్టుకొచ్చిన కూలీలను పోలమ్మ బండెక్కించుకుంది. "కూర్చోండి నాయనా, అన్నీ చూపిస్తాను. ఈసారి పక్కనుంచే తోలతాలే!"