పైడయ్య చిన్న బండకి పెద్ద జాగ్రత్త

పైడయ్యకి గర్వమనేది బొత్తిగా లేదు. ఆ సంగతి రోజూ నలుగురికీ చెబితే గానీ ముద్ద దిగదు. ఇంకో సుగుణం కూడా ఉంది. ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, మధ్యలో తన బుర్రని దూరనివ్వడు. భార్య గౌరమ్మ, తమ్ముడు దాలయ్య కూడా అదే బాపతు.

"మనింట్లో ఉన్నంత తెలివి ఊళ్ళో ఇంకెక్కడా లేదే," అనేవాడు పైడయ్య.

"వాడకుండా దాచుకున్నాం కదయ్యా, ఎక్కడిదక్కడే ఉంది!" అనేది గౌరమ్మ.

వాళ్ళది మిరపకాయ బజ్జీల వ్యాపారం. ఆ వేళ అమ్మవారి జాతర. పొద్దువాలే వేళ ఊరేగింపు వచ్చేసరికి ఎవరి పొయ్యి మండుతుంటే వీధి మూల ఏడాదంతా వాళ్ళదే. వీళ్ళ పొయ్యి మండకపోతే పక్కనే కాచుక్కూచున్న పకోడీల సింహాద్రిది. సరిగ్గా ఆ వేళే చిన్న గ్యాస్ బండ అయిపోయింది. అంతే, ముగ్గురూ గ్యాసు నింపే డిపోకి పరుగెత్తారు.

"అంచుదాకా నింపకూడదు. ఎండకి గ్యాసు ఉబ్బుతుంది, పైన కొంచెం ఖాళీ ఉండాలి," అంది డిపో రాజేశ్వరి.

దాలయ్యకి అనుమానమొచ్చింది. "ఖాళీ మేం ఇంటి దగ్గర్నుంచే తెచ్చామమ్మా, బండ నిండా ఉంది. అందులోదే కొంచెం ఉంచండి. మీ ఖాళీ మాకొద్దు."

రాజేశ్వరి నుదురు కొట్టుకుని నింపి ఇచ్చింది. "నిలబెట్టే తీసుకెళ్ళండి, పడుకోబెట్టకండి. బిగించాక సబ్బు నీళ్ళు రాసి చూడండి, బుడగలొస్తే లీకున్నట్టే. బండ దగ్గరికి నిప్పు రానివ్వకండి. అర్థమైందా?"

"అర్థం చేసుకోడాలు మా ఇంటావంటా లేవమ్మా. చేసెయ్యడమే!" అన్నాడు పైడయ్య.

బండ నిలబడి ఉంటే మనం కూర్చోవడమా అని ముగ్గురూ ఆటోలో నడుం వంచి నిలబడ్డారు. దిగాక బండ మోస్తున్న దాలయ్య మూలుగు మొదలెట్టాడు. "అన్నా, చేతులు పడిపోతున్నాయి. దించనా?"

"తీసుకెళ్ళమంది గానీ దించమందట్రా?"

గౌరమ్మ గబగబా బండ కిందికి ఇటుకలు పేర్చింది. "మనం దించొద్దు మరిదీ, నేలనే పైకి తెద్దాం!"

బండని పొయ్యికి బిగించారు. గౌరమ్మ ఒక సబ్బంతా అరగదీసి, చంటిపిల్లకి తలంటినట్టు బండకి పీచుతో రుద్దింది. ఇంకేముంది, నురగే నురగ!

"ఒళ్ళంతా లీకే!" అని కెవ్వుమంది.

బండొక్కటేనా, అన్నీ చూడాలన్నాడు పైడయ్య. మూకుడికి రుద్దారు, లీకు. గరిటెకి రుద్దారు, లీకు. దాలయ్య ఊరుకోక అన్న బట్టతలకీ రుద్దాడు.

"అన్నా, నీ బుర్ర కూడా లీకే!"

"అదీ సంగతి! ఆలోచనలన్నీ ఎటు పోతున్నాయో ఇన్నాళ్ళూ తెలీక చచ్చాను," అన్నాడు పైడయ్య.

సింహాద్రి పిండి కలుపుతూ పగలబడి నవ్వాడు. "నురగ కడిగేసి, బిగించిన చోట చూడండ్రా."

కడిగారు. ఒక్క బుడగ లేదు. లీకంతా కాలవలో కొట్టుకుపోయిందని సంబరపడ్డారు. ఇక వెలిగించడమే తరువాయి. పైడయ్య అగ్గిపుల్ల తీసి, గీయబోయి, ఉలిక్కిపడ్డాడు. బండ దగ్గరికి నిప్పు రాకూడదు కదా! అంతే, గ్యాసు కట్టేసి, గొట్టం పీకి, బండని వీధి చివర దాలయ్య కాపలాలో పెట్టించాడు. వెనక్కొచ్చి పుల్ల మీద పుల్ల గీశాడు. పొయ్యి వెలిగితేనా!

"బండక్కడుంటే పొయ్యిక్కడెలా మండుతుందిరా?" అన్నాడు సింహాద్రి.

"మండకపోతేనేం, ప్రమాదం లేదు కదా!"

ఇంతలో డప్పులు మోగాయి. ఊరేగింపు ముందు కాగడాలు.

"అన్నా, నిప్పు నడిచొస్తోంది!" అని అరిచాడు దాలయ్య.

ఇంకేముంది, మొగుడూ పెళ్ళాం వాడి దగ్గరికి ఉరికారు. ముగ్గురూ బండని నిలువునా ఎత్తుకుని పడమటి పొలాలకేసి పరుగో పరుగు. ఇటు సింహాద్రి మండే పొయ్యిని మూలలోకి జరుపుకున్నాడు. అటు వాళ్ళకి ఎదురుగా ఎర్రగా, తాటిపండంత సూర్యుడు.

"అయ్యో, ఇటు ఇంకా పెద్ద నిప్పు!"

ముందుకీ వెనక్కీ పోలేక గట్టు మీదే నిలబడిపోయారు. చివరికి సూర్యుడు మునిగాడు.

"ఆరిపోయింది," అన్నాడు పైడయ్య చెమట తుడుచుకుంటూ.

"మన మూల కూడా పోయింది కదయ్యా," అని గౌరమ్మ కళ్ళొత్తుకుంది.

"మూల పోతే పోయింది, బండ క్షేమం. పొద్దున్నే దీన్ని మళ్ళీ ఎవడో తూర్పున వెలిగిస్తాడు. మన గ్యాసు అయ్యేదాకా ఆపమని వాడికి చెప్పొద్దాం పదండి."

ముగ్గురూ ఆ వెలిగించేవాణ్ణి వెతుక్కుంటూ బండతో సహా తూర్పుకి బయల్దేరారు.

గర్వం లేని మనిషి కాబట్టి పైడయ్య ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాడు. బండ వీధి చివర ఉంచి మూల మీద బజ్జీ వెయ్యడం ఇప్పటికీ రాలేదట.